మందం పెరిగినంత మాత్రాన ఇంజన్ చల్లబడదు: ఆఫ్టర్‌మార్కెట్ రేడియేటర్ల గురించి అపోహలు, వాస్తవాలు

టర్బో బూస్ట్ పెంచుకున్న తర్వాతనో, ట్రాక్ మీద కొద్ది ల్యాప్‌లకే టెంపరేచర్ ముల్లు ఎగబాకడం చూసిన తర్వాతనో మా వర్క్‌షాప్‌కు వచ్చేవారు దాదాపు అందరూ ముందుగా అడిగేది ఒక్కటే: మార్కెట్లో దొరికే అత్యంత మందమైన రేడియేటర్ కోర్ (ఇంజన్ వేడిని మోసుకొచ్చే కూలెంట్ ద్రవం పారే ట్యూబులు, వాటి మధ్య పలుచని లోహపు ఫిన్లు ఉండే భాగం) ఏది? వారి ఆందోళన నాకు అర్థమవుతుంది. ఎంతో ఖర్చుపెట్టి కట్టించుకున్న ఇంజన్ కళ్ల ముందే ఉడికిపోతుంటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. నాకు విసుగు కలిగేది ఆ ప్రశ్న అడిగిన వారి మీద కాదు, "మందమే మందు" అని వారికి నూరిపోసిన పుకార్ల మీద.

అపోహ: కోర్ ఎంత మందంగా ఉంటే ఇంజన్ అంత చల్లగా ఉంటుంది.

వాస్తవం: రేడియేటర్ తన వేడిని వదిలేది గాలికి. కోర్ ముందు ముఖానికి తగిలే గాలి చల్లగా ఉంటుంది కనుక అక్కడ కూలెంట్‌కూ గాలికీ మధ్య ఉష్ణోగ్రతల తేడా ఎక్కువ. అదే గాలి ఫిన్ల మధ్య నుంచి వెనక్కు సాగేకొద్దీ తానే వేడెక్కుతుంది కాబట్టి, వెనుక వరుస ట్యూబులు ముందు వరుస చేసినంత పని చేయలేవు. పైగా మందం పెరిగేకొద్దీ, ఫిన్లు దట్టమయ్యేకొద్దీ గాలికి అడ్డు పెరిగి, లోపలికి వచ్చే గాలే తగ్గిపోతుంది. అధిక వేగంలో, గాలిని నేరుగా కోర్‌లోకి నడిపించే డక్టింగ్ ఉన్న రేసు కారులో మందమైన కోర్ తన ఖరీదుకు న్యాయం చేస్తుంది. ఏసీ కండెన్సర్, దాని ముందు టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, ఆ వెనుక అంతంతమాత్రపు ఫ్యాన్ ఉన్న రోడ్డు కారుకు అదే కోర్ బిగించడం పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమే. చోటు ఉంటే మందం కంటే ముందు కోర్ వైశాల్యాన్ని పెంచండి. ఆ పెరిగిన భాగమంతా చల్లని గాలినే ఎదుర్కొంటుంది.

మందమైన కోర్ వల్ల కలిగే అసలు నష్టం వేరే చోట ఉంది. అది ఇంజన్ వైపున్న ఖాళీని మింగేయడంతో కంపెనీ ఇచ్చిన ష్రౌడ్ (ఫ్యాన్ గాలిని కోర్ అంతటి నుంచీ లాగేలా చేసే తొడుగు) పట్టదు. దాన్ని పక్కన పడేసి, పలుచని ఎలక్ట్రిక్ ఫ్యాన్‌ను నేరుగా ఫిన్లకు ఆనించి బిగిస్తారు. ఇక ఆ ఫ్యాన్ తన రెక్కల ఎదురుగా ఉన్న గుండ్రటి భాగం నుంచి మాత్రమే గాలిని లాగుతుంది. నాలుగు మూలల్లో ఉన్న కోర్ అంతా దాదాపు ఉత్తదే. ఒక యువకుడు ఇలాగే మార్పించుకున్న కారు మా దగ్గరకు వచ్చింది. కొత్త రేడియేటర్ పెట్టాక ట్రాఫిక్‌లో మునుపటి కంటే ఎక్కువ వేడెక్కుతోందని అతని ఫిర్యాదు. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా కండెన్సర్ ముందు మూలకు ఒక పలుచని కాగితం పట్టుకుంటే అంటుకోకుండా జారిపోయింది. మధ్యకు జరిపితే టక్కున అతుక్కుంది. కోర్ పక్కల చూస్తే వేలు దూరేంత సందులు. ఆ సందుల గుండా ఫ్యాన్ వదిలిన వేడిగాలే తిరిగి ముందుకు వచ్చి మళ్లీ లోపలికి పోతోంది. కోర్ మొత్తాన్నీ కప్పేలా రేకుతో ష్రౌడ్ చేయించి, పక్క సందులను ఫోమ్ పట్టీలతో మూసి, కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య చిక్కుకున్న దుమ్మును తీయించిన తర్వాత ముల్లు కుదురుకుంది. అంతకు ముందున్న పాత రేడియేటర్‌కే ఈ పనులు చేయించి ఉంటే కొత్తది కొనే అవసరమే బహుశా వచ్చేది కాదు. ఆ మాట అతనికి చెప్పడానికి నాకు మనసొప్పలేదు గానీ, చెప్పక తప్పలేదు.

కాబట్టి కొనే ముందు కారు ఎప్పుడు వేడెక్కుతోందో గమనించండి. ఆగి ఉన్నప్పుడు వేడెక్కి, వేగం అందుకోగానే చల్లబడితే అనుమానించాల్సింది ఫ్యాన్‌ను, ష్రౌడ్‌ను. ఐడిల్‌లో బాగుండి, వేగంలో, లోడ్ మీద వేడెక్కితేనే రేడియేటర్ సామర్థ్యం గురించి ఆలోచించాలి. అప్పుడు కూడా పంపు లాగే ఒత్తిడికి రేడియేటర్ కింది హోస్ (గొట్టం) నొక్కుకుపోతోందా, ముందు నుంచి వచ్చే గాలి కోర్‌లోకి కాక పక్కదారి పడుతోందా అన్నవి ముందు తేల్చుకోవాలి.

మిగిలిన అపోహలకు ఇంత వివరణ అక్కరలేదు. రాగి రేడియేటరే మేలని, ట్యూబు వరుసలు ఎక్కువున్నదే గొప్పదని అనేవారున్నారు. అల్యూమినియం కంటే రాగికి ఉష్ణవాహకత ఎక్కువన్నది నిజమే. అయితే పాత రాగి-ఇత్తడి కోర్‌లలో ట్యూబు వెడల్పు సాధారణంగా అరంగుళం ఉంటే, అల్యూమినియంతో అంగుళం, అంతకు మించిన ట్యూబులు చేయవచ్చు, బరువూ బాగా తగ్గుతుంది. అందుకే వరుసలు లెక్కపెట్టి రెండు రేడియేటర్లను పోల్చడం అర్థంలేని పని.

కూలెంట్ వేగంగా పారితే వేడి వదలడానికి సమయం చాలదని చెప్పి థర్మోస్టాట్‌ను (వేడిని బట్టి రేడియేటర్‌కు కూలెంట్ దారి తెరిచే వాల్వ్) పీకించేవారు ఇంకా ఉన్నారు. ప్రవాహం మూసి ఉన్న వలయంలో తిరుగుతుంది. ఒక్కో చుట్టులో సమయం తగ్గితే చుట్లు పెరుగుతాయి, వేడి మార్పిడి మెరుగవుతుందే తప్ప తగ్గదు. బైపాస్ దారిని థర్మోస్టాటే మూసే ఇంజన్లలో దాన్ని తీసేస్తే కొంత కూలెంట్ రేడియేటర్ ముఖం చూడకుండానే తిరిగి ఇంజన్‌లోకి పోతుంది. అలాగే, 88 డిగ్రీల దగ్గర తెరుచుకునే థర్మోస్టాట్ ఉన్నంత కాలం ఎంత పెద్ద రేడియేటర్ పెట్టినా వేడెక్కిన ఇంజన్ 70 దగ్గర నిలబడదు, నిలబడకూడదు కూడా.

గేజ్‌లో 100 కనిపించగానే నీళ్లు మరిగిపోతున్నాయని భయపడేవారికి ఒక మాట. సగం నీరు, సగం ఇథిలీన్ గ్లైకాల్ ఉన్న కూలెంట్ 15 పీఎస్ఐ ఒత్తిడిని నిలిపే రేడియేటర్ క్యాప్ కింద సుమారు 130 డిగ్రీల వరకు మరగదు. ఆ ఒత్తిడిని నిలిపేది క్యాప్ సీలే కనుక, అది గట్టిపడి పగుళ్లిచ్చిందేమో ఇంజన్ పూర్తిగా చల్లారాకే విప్పి చూడండి. అన్నీ సరిగా ఉన్నా కూలెంట్ బయటికి తన్నుతూ, ఎక్స్‌పాన్షన్ ట్యాంకులో ఆగకుండా బుడగలు వస్తుంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ సిలిండర్ హెడ్‌కూ మధ్య ఉండే సీలు) దగ్గర మంట వాయువులు కూలెంట్‌లోకి చొరబడుతుండవచ్చు. ఆ లీక్ పరీక్ష చేయించేదాకా రేడియేటర్ ఆర్డర్ పెట్టకండి.