బుగ్గలు లేని పురుగు

డెల్టా, యూటా (అమెరికా)

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

నేను పంపిన ట్రైలోబైట్ ఫోటో, అంటే ఎప్పుడో అంతరించిన ఓ సముద్రపు పురుగు శిలాజం ఫోటో చూసి మీలో చిన్నది మంచి ప్రశ్న అడిగింది: "పుస్తకంలోని బొమ్మకు తలకు రెండు పక్కలా మొనలున్నాయి, నీకు దొరికినదానికి లేవేం తాతయ్యా?" ఫోనులో చెబితే గాలికి పోతుందని రాస్తున్నాను.

ఇక్కడ ఎటు చూసినా ఎడారి. 50 కోట్ల ఏళ్ల కిందట మాత్రం ఇది సముద్రం అడుగు. అప్పటి బురదే ఇప్పుడు షేల్ అనే పొరల రాయి. డబ్బు కట్టించుకుని, దొరికినవి పట్టుకెళ్లనిచ్చే క్వారీకి వెళ్లాం. రాయిని పైనుంచి బాదితే ముక్కలవుతుంది. నిలబెట్టి, అంచున పొర కనిపించేచోట సుత్తితో తట్టాలి. తడిసి అతుక్కుపోయిన పుస్తకం పేజీలను గోటితో విడదీస్తామే, అలా. కళ్లకు అద్దాలు తప్పనిసరి. మొదటి గంటంతా నాకు దక్కింది దుమ్మే. తర్వాత ఒక పలక విచ్చుకుని, బొటనవేలి గోరంత నల్లటి ట్రైలోబైట్ ఊడి అరచేతిలో పడింది. జాతి పేరు ఎల్రాథియా కింగీ. దీని పెంకు అడుగున కాల్సైట్ అనే సున్నపు ఖనిజం పేరుకుని గట్టిపడుతుంది, అందుకే పనసతొన నుంచి గింజలా రాయి నుంచి విడివడుతుంది.

ట్రైలోబైట్ అంటే మూడు భాగాలది. తల, నడుము, తోక అనుకునేరు, కాదు! నిలువునా చూడండి: నడుమ వెన్నులాంటి పట్టీ, దానికి అటొకటి ఇటొకటి.

ఇక బుగ్గల సంగతి, అంటే మొనలుండే ఆ తల పక్క భాగాల సంగతి. రొయ్య, పీతల్లాగే ఇదీ ఎదగాలంటే పాత పెంకు విడవాలి. తలమీద కళ్ల పక్కగా సన్నని కుట్లలాంటి గీతలుంటాయి. అవి విచ్చుకుంటే మొనలతో సహా బుగ్గలు రెండూ ఊడిపోతాయి, ఆ సందులోంచి ప్రాణి ముందుకు పాకి బయటపడుతుంది. అంటే నాకు దొరికింది బహుశా పాము కుబుసంలాంటిది. ఈ మాట తెలిశాక ముందు కాస్త చప్పబడ్డాను. ఆ తర్వాత ముచ్చటేసింది. చొక్కా మార్చుకుని పోయిందన్నమాట, ఆ పూట చావలేదు! ఒక్క ప్రాణి తన జీవితంలో ఇలాంటి పెంకులు ఎన్నో వదులుతుంది కాబట్టి, రాళ్లలో ఇవే ఎక్కువగా కనిపిస్తాయి.

దాదాపు 27 కోట్ల ఏళ్లు బతికిన ఈ వంశం 25 కోట్ల ఏళ్ల కిందట అంతరించింది. అప్పటికి డైనోసార్లు ఇంకా పుట్టనేలేదు.

పెద్దవాడు మన వరండాలోని కడప బండల్లో వెతుకుతానన్నాడట. వాడి ఉత్సాహానికి అడ్డుపడను కానీ ఆ బండలు ట్రైలోబైట్ల పుట్టుకకన్నా పాతవి. మన దేశంలో ఇవి దొరికేది హిమాలయాల్లో, స్పితి లోయ వైపు. కొనుక్కుందామంటారా, మొరాకో నుంచి వచ్చే వాటిలో జిగురుతో పోతపోసిన నకిలీలు చాలా ఉంటాయి. భూతద్దంలో చూస్తే చిన్న గాలిబుడగల గుంతలు పట్టిస్తాయి.

ఖాళీ మాత్రల డబ్బాలో దూది పరిచి మూడు పెట్టాను. ఒక్కోదానితో స్థలం, తేదీ రాసిన చీటీ ఉంది, దాన్ని పారేయకండి. మూడింటిలో బుగ్గలున్నది ఒకటే, కందిగింజంత. అది ఎవరికన్నది నేను వచ్చేలోపు మీలో మీరే తేల్చుకోండి.

మీ తాతయ్య