వాలుతలం ప్రయోగంలో 9.8 రాలేదని రీడింగులు దిద్దకండి

చలనం పాఠం అయ్యాక పిల్లలు సగానికి కోసిన పైపు, గోళీ, స్టాప్‌వాచ్ పట్టుకుని వాలుతలం ప్రయోగం చేస్తారు, అంటే పైపుని వాలుగా పెట్టి గోళీ దిగే కాలం కొలుస్తారు. మర్నాడు నా టేబుల్ మీదికి వచ్చే రికార్డుల్లో సగం రబ్బరుతో రుద్ది రుద్ది కాగితం పలచబడి ఉంటాయి. వెలుతురుకి ఎత్తి చూస్తే కింద మొదట రాసింది కనపడుతుంది. 6.9 ఉంటుంది, 7.1 ఉంటుంది. దాని మీద 9.8 దిద్ది ఉంటుంది, అంటే పుస్తకంలో ఉండే జి విలువ, కిందపడే వస్తువు వేగం సెకనుకి ఎంత పెరుగుతుందో చెప్పేది. ప్రకాశం జిల్లాలో పద్దెనిమిదేళ్లుగా హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతున్నాను, బడి మారినా ఈ రబ్బరు మరకలు మాత్రం మారలేదు.

అపోహ: 9.8 రాకపోతే ప్రయోగం తప్పు.

కాదు. దొర్లే గోళీతో చేసినప్పుడు 9.8 వస్తేనే నాకు అనుమానం.

గోళీ త్వరణం, అంటే దాని వేగం పెరిగే రేటు కట్టి, దాన్ని సైన్ తీటాతో (పైపు ఎత్తుని పొడవుతో భాగిస్తే వచ్చేది) భాగిస్తే జి రావాలని పిల్లలు అనుకుంటారు. ఆ సూత్రం ఘర్షణ లేని తలం మీద జారే వస్తువుది. మన గోళీ జారదు, దొర్లుతుంది. కిందికి దిగుతూ సంపాదించిన శక్తిలో ఏడింట రెండు వంతులు తన చుట్టూ తాను తిరగడానికే ఖర్చు పెడుతుంది, ముందుకు పోవడానికి మిగిలేది ఏడింట ఐదు వంతులే. అందుకే దాని త్వరణం జి సైన్ తీటాలో 5/7 వంతు. 9.8ని 5/7తో గుణించి చూడండి, సరిగ్గా 7 వస్తుంది. అంటే ఆ పిల్లలు చెరిపేసిందే సరైన జవాబు!

పోయినేడు ఒక అమ్మాయి చేసిన లెక్క నాకు ఇంకా గుర్తుంది. రెండు మీటర్ల పైపు, ఒక చివర పది సెంటీమీటర్లు ఎత్తు, అంటే సైన్ తీటా 0.05. మొత్తం దూరానికి సగటున 3.4 సెకన్లు, అర మీటరుకి 1.7 సెకన్లు. దూరం నాలుగో వంతు అయితే కాలం సరిగ్గా సగం! అసలు ఈ ప్రయోగం పెట్టిందే ఇది చూడటానికి. గెలీలియో కూడా చూసింది ఇదే. ఆయన దగ్గర స్టాప్‌వాచ్ లేదు, పాత్రలోంచి సన్నగా కారే నీళ్లను పట్టి తూకం వేసి కాలం కొలిచాడు, ఆ వివరమంతా 1638లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. ఆయనకు 9.8తో పనే లేదు, దూరం కాలం వర్గంతో పెరుగుతుందా లేదా అన్నదే కావాలి. ఆ అమ్మాయికి అది చక్కగా వచ్చింది, త్వరణం 0.346, సైన్ తీటాతో భాగిస్తే 6.9. కానీ రికార్డు తెచ్చి ఇచ్చేటప్పుడు కళ్లలో నీళ్లు. ‘గైడులో 9.8 ఉంది సార్, తప్పు రాస్తే మార్కులు కోస్తారంట’ అంది. ఎవరన్నారమ్మా అని అడిగితే ఎవరో అన్నారంట. ఆ ఎవరో ఎవరో నాకు ఇప్పటివరకు దొరకలేదు గానీ, వాళ్ల మాట విని ఎంతమంది పిల్లలు తమ చేత్తో కొలిచిందాన్ని తామే చెరుపుకున్నారో లెక్కలేదు.

ఈ విషయంలో నాకు ఇంత కోపం రావడానికి కారణం ఉంది. నేను నెల్లూరులో ఇంటర్ చదివేటప్పుడు లోలకం ప్రయోగంలో నాకు 9.6 వచ్చింది. ల్యాబులో ఉన్న ఆయన చూసి, ‘పక్కోడి రీడింగులు ఎక్కించుకోరా, టైం లేదు’ అన్నాడు. ఎక్కించుకున్నాను. మార్కులు వచ్చాయి. ఆ తర్వాత చాలా ఏళ్లు ఏది కొలిచినా ముందు జవాబు చూసుకుని వెనక్కి లెక్క కట్టడమే ప్రయోగం అనుకున్నాను. పిల్లల దగ్గర ఆ అలవాటు చూస్తే నాకు ఆ రోజే గుర్తొస్తుంది.

సరే, నిజంగా తప్పు ఎక్కడ జరుగుతుందంటే, దూరాన్ని కాలంతో రెండుసార్లు భాగించి అదే త్వరణం అనుకోవడంలో. మొదటిసారి భాగిస్తే వచ్చేది సగటు వేగం, చివరి వేగం దానికి రెట్టింపు. కాబట్టి 2ఎస్ బై టీ స్క్వేర్, ఎస్ అంటే దూరం, టీ అంటే కాలం. సైన్ తీటాతో భాగించాక మీకు 3.5 దగ్గర వస్తోందంటే ఆ 2 మర్చిపోయినట్టే. ఇది చూసుకోండి, దిద్దాల్సింది ఇదీ.

అపోహ: బరువైన గోళీ ముందు దిగుతుంది.

గాజు గోళీ, మెకానిక్ షాపులో దొరికే స్టీలు బేరింగ్ బాల్, రెండిటినీ స్కేలు అడ్డం పెట్టి ఒకేసారి వదలండి, కింద రేకు మీద ఒకే చప్పుడు వినపడుతుంది. ఒకసారి ఇది చేశాక ఒక పిల్లాడు లేచి, ‘మా నాన్న లారీ తోలతాడు సార్, లోడుంటే దోర్నాల ఘాట్‌లో బండి ఎట్లా గుంజుద్దో మీకు తెలీదు’ అన్నాడు. వాళ్ల నాన్న చెప్పింది అబద్ధం కాదు. బరువు రెట్టింపైతే కిందికి లాగే బలమూ రెట్టింపే, ఆ బండిని ఆపాలంటే బ్రేకులు రెట్టింపు పని చేయాలి, వేడెక్కుతాయి, అందుకే లో గేరులో దిగుతారు. పైగా బరువు బండి మీద గాలి ప్రభావం తక్కువ. కానీ బ్రేకూ గాలీ లేవనుకుంటే, లాగే బలం ఎంత పెరిగిందో కదలాల్సిన బరువూ అంతే పెరిగింది, త్వరణం మారదు. ఆ ప్రశ్న అడిగినందుకు వాడిని ముందు బెంచీలో కూర్చోబెట్టాను.

అపోహ: వాలు ఎక్కువ పెడితే రిజల్టు బాగా వస్తుంది.

పాడవుతుంది. అదే పైపుని ఒక మీటరు ఎత్తితే గోళీ సెకనులో కింద ఉంటుంది, మీ వేలు 0.2 సెకను ఆలస్యమైతే కాలంలోనే ఐదో వంతు తేడా. వాలు మరీ ఎక్కువైతే గోళీ దొర్లడం మాని జారుతుంది కూడా.

ఘర్షణ వల్లే తక్కువ వచ్చిందని రాసేవాళ్లకు ఒక మాట. గోళీని దొర్లించేదే ఘర్షణ, అది ఇక్కడ శక్తిని తినెయ్యదు, ముందుకు పోవాల్సిన దాంట్లో కొంత తిప్పడానికి మళ్లిస్తుంది. వదిలిన క్షణాన వేగం సున్నా కాబట్టి త్వరణమూ సున్నా అనేవాళ్లకు, అలా అయితే అది అసలు కదలదు.

చివరగా, సగానికి కోసిన పైపు దొరక్క ఒక అబ్బాయి ఇంట్లో మిగిలిన ఎల్ ఆకారం అల్యూమినియం యాంగిల్ తెచ్చాడు. వాడికి 5.3 వచ్చింది, బిక్కమొహం వేసుకుని వచ్చాడు. ఇద్దరం కూర్చుని చూశాం. యాంగిల్లో గోళీ అడుగున ఆనదు, రెండు పక్కల గోడల మీద ఆనుతుంది, అందుకని అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరగాలి, ఇంకా ఎక్కువ శక్తి తిరగడానికే పోతుంది. లెక్క కడితే 5.4 రావాలి. వాడు 5.3ని పెన్నుతో రాసి, కింద కారణం రెండు లైన్లు రాశాడు. పదికి పది వేశాను.