వికీపీడియాలో వ్యాసానికి అర్హత ఏమిటి: ఒక నియమం పుట్టుపూర్వోత్తరాలు

విజ్ఞాన సర్వస్వం అచ్చులో ఉన్నంతకాలం, అందులో ఏది ఉండాలి, ఏది అక్కర్లేదు అన్న ప్రశ్నను సగం వరకు కాగితమే తేల్చేసేది. బ్రిటానికా చివరి అచ్చు కూర్పు సైతం 32 సంపుటాల దగ్గర ఆగక తప్పలేదు. 2001 జనవరి 15న మొదలైన వికీపీడియాకు ఈ హద్దు లేదు. దానికి ముందు వచ్చిన నూపీడియా అనే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో ప్రతి వ్యాసమూ నిపుణుల సమీక్షలో ఏడు అంచెలు దాటాల్సి ఉండగా, ఇక్కడ ఎవరైనా నేరుగా రాయవచ్చు కనుక, చోటు కొరతతో పాటు సంపాదకుడి కత్తెర కూడా లేకుండా పోయింది.

ఎవరు ఏది రాసినా ఫర్వాలేదన్న ధీమా ఎక్కువకాలం నిలవలేదు. అమెరికన్ పాత్రికేయుడు జాన్ సీగెన్‌థాలర్‌కు కెనెడీ సోదరుల హత్యలతో సంబంధం ఉందన్న అనుమానాలు ఒకప్పుడు ఉండేవంటూ 2005లో ఎవరో రాసిన అబద్ధం నెలల తరబడి ఎవరి కంటా పడలేదు. ఆ ఏడాది డిసెంబరులో, ఖాతా లేనివారు కొత్త వ్యాసాలు మొదలుపెట్టడాన్ని ఆంగ్ల వికీపీడియా ఆపేసింది.

ఇప్పుడు తెలుగు వికీపీడియాలో విషయ ప్రాముఖ్యత అని పిలిచే నియమం ఆంగ్లంలో 2006 ప్రాంతంలో ఒక రూపానికి వచ్చింది. విషయంతో ప్రయోజన సంబంధం లేని విశ్వసనీయ మూలాలు దాని గురించి తగినంత విపులంగా రాసి ఉండాలన్నది దాని సారం. పేరులో ప్రాముఖ్యత ఉన్నా ఇది గొప్పతనాన్ని కొలిచే నియమం కాదు. రాసేవారి అర్హతలేమిటో ఎవరికీ తెలియని చోట, విషయం విలువను సభ్యులే తూచబోతే వాదనకు అంతుండదు. అందుకే ఆ తీర్పును అప్పటికే ప్రచురించినవారికి, అంటే పత్రికలకు, పుస్తకాలకు, పరిశోధన పత్రాలకు వదిలేశారు. ప్రచార వ్యాసాలను ఆపడానికి ఇది బాగానే పనికొచ్చిందని ఒప్పుకోవాలి.

అయినా ఎక్కువ వ్యాసాలు ఉండనివ్వాలనే ఇన్‌క్లూజనిస్టులకూ, ఏరివేయాలనే డిలీషనిస్టులకూ మధ్య తగవు తెగలేదు. 2007లో, కేప్‌టౌన్ శివార్లలోని గుగులేతులో ఉన్న మ్జోలీస్ అనే మాంసాహారశాలపై వికీపీడియా స్థాపకుల్లో ఒకరైన జిమ్మీ వేల్స్ స్వయంగా రాసిన మొలక వ్యాసాన్ని, అంటే బాగా చిన్న వ్యాసాన్ని, 22 నిమిషాల్లో తొలగించారు. తరువాత చర్చ జరిగింది, ఇతరులు మూలాలు చేర్చారు, వ్యాసం నిలిచింది.

పత్రికలు చూడనిది వికీపీడియాకూ కనబడదన్న విషయం 2018లో బట్టబయలైంది. లేజర్ శాస్త్రవేత్త డోనా స్ట్రిక్‌లాండ్‌పై వచ్చిన చిత్తుప్రతిని, ఇచ్చిన మూలాలు చాలవంటూ మే నెలలో తిప్పి పంపారు. అక్టోబరులో ఆమెకు భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆమెతో ఆ బహుమతి పంచుకున్న జెరార్డ్ మూరూపై అప్పటికే వ్యాసం ఉంది. నిజానికి ఆమె 2013లో కాంతిశాస్త్ర నిపుణుల సంఘమైన ఆప్టికల్ సొసైటీకి అధ్యక్షురాలు. విద్యావేత్తలకున్న ప్రత్యేక ప్రమాణాల ప్రకారం అదొక్కటే సరిపోయేది. సమీక్షకుడు వాడిన కొలబద్ద మాత్రం మూలాలదే.

అచ్చులోకి రాని జ్ఞానం సంగతేమిటన్న ప్రశ్నతో 2011లో భారతదేశంలోనూ దక్షిణాఫ్రికాలోనూ మనుషులు నోటితో చెప్పినదాన్నే ఆధారంగా చూపే మౌఖిక మూలాల ప్రయోగం ఒకటి జరిగింది; మూల నియమం మాత్రం మారలేదు. 2015లో మొదలైన విమెన్ ఇన్ రెడ్ అనే వికీపీడియా సభ్యుల బృందం నియమంతో పోట్లాటకు దిగకుండా, వ్యాసం లేని మహిళల పేర్లకు కనిపించే ఎర్ర లింకుల జాబితాలు తయారుచేసి, ఒక్కొక్కరికీ ప్రచురిత మూలాలు వెతుకుతూ వస్తోంది.