మెయిన్‌కి ఆర్గ్యుమెంట్స్ ఎవరు పంపిస్తారు?

సీ ప్రోగ్రామ్ రాసేటప్పుడు మెయిన్ పక్కన ఆర్గ్‌సీ (ఎన్ని మాటలొచ్చాయనే లెక్క), ఆర్గ్‌వీ (ఆ మాటల లిస్ట్) అని పెట్టడం కాలేజీ ల్యాబ్ నుంచీ అందరికీ అలవాటే, కానీ అవి ఎవరు పంపిస్తారండీ అంటే చాలామంది టక్కున కంపైలర్ అనేస్తారు. కంపైలర్ పని అప్పటికే ఎప్పుడో అయిపోయుంటది.

లినక్స్ సంగతే చూద్దాం. టెర్మినల్లో ఆర్‌ఎం, స్పేస్, స్టార్ డాట్ టీఎక్స్‌టీ అని, అంటే టెక్స్ట్ ఫైళ్ళన్నీ తీసెయ్యమని కొట్టారనుకోండి. ఆ స్టార్ ఆర్‌ఎం దాకా వెళ్ళనే వెళ్ళదు! మనం కొట్టిన కమాండ్ చదివే షెల్ అనే ప్రోగ్రామ్ దాన్ని మధ్యలోనే పట్టుకుని, ఫోల్డర్లో మూడు టెక్స్ట్ ఫైళ్ళుంటే ఆ మూడు పేర్లూ అక్కడ పెట్టేసి, కోట్స్ గట్రా ఉంటే పీకేసి, మొత్తం ముక్కలుగా చేసి ఎగ్జెక్‌వీఈ అనే సిస్టమ్ కాల్‌తో (ఈ ప్రోగ్రామ్ నడపమని అడిగే పిలుపు) ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయైన కెర్నల్ చేతికిస్తది. కెర్నల్ ఆ అక్షరాలన్నిటినీ కొత్త ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) స్టాక్ అనే మెమరీలో పైన కాపీ చేసి, వాటికి దిగువన ముందు లెక్క, అంటే ఇక్కడ 4 (ప్రోగ్రామ్ పేరుతో కలిపి), తర్వాత ఏ మాట ఎక్కడుందో చెప్పే పాయింటర్లు, వాటి చివర లిస్ట్ అయిపోయిందని చెప్పే ఒక నల్, అది దాటగానే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ప్రోగ్రామ్‌తో పాటు పంపే సెట్టింగ్స్) పాయింటర్లు పేరుస్తది. ఈ వరస గుర్తుపెట్టుకోండి, పనుంది. ఇంత చేసినా నేరుగా మెయిన్‌కి రాదు, లింకర్ మన ప్రోగ్రామ్‌లో కలిపిన అండర్‌స్కోర్ స్టార్ట్ అనే చిన్న అసెంబ్లీ ముక్క ఇవన్నీ తీసి సీ లైబ్రరీకిస్తే, అది పిలుస్తది మెయిన్‌ని.

విండోస్‌లో వేరే పద్ధతి, లైన్ మొత్తం ఒకే స్ట్రింగ్‌గా వచ్చేస్తది, ముక్కలు చేసుకునే గోల ప్రోగ్రామ్‌లో ఉన్న సీ రన్‌టైమ్‌దే.

ఇక ఆర్గ్‌వీలో సున్నా నంబర్ది. అది ప్రోగ్రామ్ పేరే అనుకుంటాం గానీ అదొక ఆనవాయితీ అంతే, ఎగ్జెక్‌వీఈ పిలిచినవాడు ఏం రాస్తే అదే ఉంటది. చాలా కమాండ్లని ఒకే ఫైల్లో పెట్టిన బిజీబాక్స్ దీన్ని మంచికే వాడుకుంది, ఆ ఒకే ఫైల్‌ని ఎల్ఎస్ (ఫైళ్ళ లిస్ట్ చూపే కమాండ్) అని పిలిస్తే ఎల్ఎస్‌లా, సీపీ (కాపీ చేసే కమాండ్) అని పిలిస్తే సీపీలా పనిచేస్తది. మరి పిలిచినవాడు అసలేమీ పంపకపోతే? వేరే యూజర్ అధికారాలతో కమాండ్ నడపడానికి వాడే పీకేఎగ్జెక్ అనే ప్రోగ్రామ్ ఈ ప్రశ్నే వేసుకోలేదు, సున్నాలో పేరు ఉండి తీరుతదని నమ్మి 1 నుంచి చదవడం మొదలెట్టింది. లిస్ట్ ఖాళీ అయితే సున్నాలోనే నల్, దాని పక్కనున్నది ఎన్విరాన్‌మెంట్ కదా, దాన్నే ఆర్గ్యుమెంట్ అనుకుని చదివి, పైగా అక్కడే తిరిగి రాసేది కూడా, దాంతో మామూలు యూజర్ రూట్, అంటే అన్ని అధికారాలున్న యూజర్ అయిపోవచ్చు. 2009 నుంచి ఉన్న ఈ బగ్‌ని క్వాలిస్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్ళు 2022 జనవరిలో బయటపెట్టి ప్వన్‌కిట్ అని పేరు పెట్టారు. లినక్స్ 5.18 నుంచి ఎవరైనా ఖాళీ లిస్ట్ పంపిస్తే కెర్నలే అందులో ఒక ఖాళీ స్ట్రింగ్ పెట్టి పంపిస్తోంది.