నెట్ లేని రాస్ప్‌బెర్రీ పైలోకి ప్యాకేజీలు

చిరంజీవులకు ఆశీస్సులు.

నెట్ లేని మీ బడి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో జీకాంప్రిస్ (పిల్లల చదువు ఆటల ప్రోగ్రాము) పెట్టడానికి ఒక్క డెబ్ ఫైలు, అంటే ఒక్క ప్యాకేజీ, పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తే చాలదు. ఆటల బొమ్మలూ శబ్దాలూ జీకాంప్రిస్-క్యూటీ-డేటా అనే వేరే ప్యాకేజీలో ఉంటాయి. ప్రోగ్రాము నడవడానికి క్యూటీ లైబ్రరీలు (వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్ ప్యాకేజీలు) కావాలి, ఆ లైబ్రరీలకు మరికొన్ని. ఇవన్నీ డిపెండెన్సీలు. ప్యాకేజీలు తెచ్చి ఎక్కించే ప్రోగ్రాము పేరు ఆప్ట్. దాని ‘ఆప్ట్ డౌన్‌లోడ్’ ఆజ్ఞ అడిగిన ప్యాకేజీని మాత్రమే దించుతుంది, వీటిని తేదు.

‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ --డౌన్‌లోడ్-ఓన్లీ జీకాంప్రిస్-క్యూటీ’ అంటే అన్నీ వస్తాయి. (టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలే వాడండి.) అయితే ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఆ కంప్యూటర్‌లో ముందే ఉన్న లైబ్రరీలను ఆప్ట్ మళ్లీ దించదు. ఇంట్లో రోజూ వాడే మెషీన్‌లో క్యూటీ ఎప్పుడో ఎక్కి ఉంటే, పెన్‌డ్రైవ్‌లోకి అది రానే రాదు. బడిలోనేమో అది ఉండదు. ల్యాప్‌టాప్‌లో దించినా పనికిరాదు: దాని ప్యాకేజీల రకం సాధారణంగా ఏఎండీ64, రాస్ప్‌బెర్రీ పైది ఆర్మ్64 లేదా ఆర్మ్‌హెచ్ఎఫ్. మీది ఏదో ‘డీపీకేజీ --ప్రింట్-ఆర్కిటెక్చర్’ చెబుతుంది.

అందుకని బడి రాస్ప్‌బెర్రీ పై మెమరీ కార్డులో ఉన్న ఇమేజ్‌నే (ఆపరేటింగ్ సిస్టమ్ ఫైలునే) ఇంకో కార్డులో రాయండి. ఆ కార్డుతో నెట్ ఉన్నచోట పై ఆన్ చేసి, ‘సుడో ఆప్ట్ క్లీన్’, ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’ ఇచ్చి, తర్వాత ఇందాక చెప్పిన ‘--డౌన్‌లోడ్-ఓన్లీ’ ఆజ్ఞ ఇవ్వండి. అప్‌గ్రేడ్ మాత్రం చేయకండి. చేస్తే కొత్త వెర్షన్ లైబ్రరీలు ఆ కార్డులోకి ఎక్కిపోతాయి, బడి కార్డులో పాతవే ఉంటాయి, రెండిటికీ పొంతన కుదరదు.

ఫైళ్లు /వార్/క్యాష్/ఆప్ట్/ఆర్కైవ్స్‌లో ఉంటాయి. అక్కడి డెబ్‌లన్నీ ఒక్కటీ వదలకుండా కాపీ చేసుకోండి. కొన్ని పేర్లలో ‘%3ఏ’ కనిపిస్తుంది. అది వెర్షన్‌లోని కోలన్ గుర్తుకు బదులు వచ్చింది, పేరు మార్చకండి.

బడిలో ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ./*.డెబ్’ అనండి. ముందున్న చుక్క, ఏటవాలు గీత మరిచిపోతే ఆప్ట్ దాన్ని ఫైలుగా కాక ప్యాకేజీ పేరుగా చూసి, దొరకలేదంటుంది. చివర ‘_ఆప్ట్’ యూజర్ గురించి ఒక గమనిక వస్తే కంగారు పడకండి, దానివల్ల నష్టం లేదు.

ఒక్కో డెబ్‌నూ ‘డీపీకేజీ -ఐ’తో ఎక్కిస్తే వరస తప్పి సగంలో ఆగిపోవచ్చు. అప్పుడు ‘--ఫిక్స్-బ్రోకెన్’ జోలికి పోవద్దు. నెట్ లేనిచోట అది లోటు తీర్చలేక, పెట్టిన ప్యాకేజీనే తీసేస్తానని అడగవచ్చు. ఏ లైబ్రరీ లేదంటోందో పేరు రాసుకుని, ఆ రెండో కార్డు నుంచే దాన్ని తెచ్చి, మొత్తం ఫోల్డర్‌ను మళ్లీ ఆప్ట్‌కు ఇవ్వండి.

మీ తాతయ్య