సగటు మార్కుల చాటున ఉన్న పిల్లలు

నాలుగో తరగతి పిల్లవాడు. ప్రతి అమావాస్యకూ సూర్యగ్రహణం ఎందుకు రాదని అడిగితే, చంద్రుడి కక్ష్య 5 డిగ్రీలు వాలి ఉంటుందని చేతులు తిప్పి మరీ చూపిస్తాడు. అదే జవాబు నోట్సులో రాయమంటే అరగంటకు రెండు వాక్యాలు. ‘చంద్రుడు’లో క్రారవడి ఉండదు. ‘కక్ష్య’ ‘కక్ష’ అయిపోతుంది, ‘భూమి’ ‘ధూమి’ అయిపోతుంది. పదికి ఐదు మార్కులు పడతాయి. పేరెంట్స్ మీటింగులో “తెలివైనవాడేనండీ, శ్రద్ధే లేదు” అన్న మాట వినిపిస్తుంది.

ఈ మాటతోనే నాకు పేచీ. వాడి తెలివిని గుర్తించినట్టే ఉంటుంది గానీ, వాడి ఇబ్బందిని వాడి తప్పే అన్నట్టు మార్చేస్తుంది. అసాధారణమైన ప్రతిభతో పాటు డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది), ఏడీహెచ్‌డీ (ఒకదాని మీద ధ్యాస నిలపలేకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం), ఆటిజం వంటివి ఉన్న పిల్లలను ట్వైస్ ఎక్సెప్షనల్ అంటారు. వీళ్లలో తెలివి కష్టాన్ని కప్పేస్తుంది, కష్టం తెలివిని కప్పేస్తుంది. పైకి కనిపించేది మామూలు మార్కులు. ఫెయిలైతే ఎవరో ఒకరు పట్టించుకుంటారు, ఫస్టొస్తే అందరూ పట్టించుకుంటారు. పదికి ఐదు వచ్చే పిల్లవాడి గురించి ఎవరికీ బెంగ ఉండదు.

మన లిపిలో ఈ దాగుడుమూతలు ఇంకా ఎక్కువ కాలం సాగుతాయి. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు కలిపి తెలుగులో పిల్లలు గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. మ–య, ప–వ–ష, ధ–థ–భ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. ఐత్వం సగం పైన, సగం కింద ఉంటుంది. మన లిపికి తోబుట్టువైన కన్నడ లిపిని పిల్లలు ఎలా నేర్చుకుంటారో మనస్తత్వ శాస్త్రవేత్త సోనాలి నాగ్ పరిశోధించారు. అక్షరాలన్నింటి మీదా పట్టు రావడానికి నాలుగైదు తరగతుల దాకా పడుతుందని అందులో తేలింది. మామూలు పిల్లలకే అంత సమయం పడుతున్నప్పుడు, డిస్లెక్సియా ఉన్న పిల్లవాడి ఇబ్బంది ‘ఇంకా చిన్నవాడు కదా’ అన్న మాట వెనక ఉండిపోతుంది. పైగా ఇలాంటి తెలివైన పిల్లలు చదవరు, ఊహిస్తారు. మొదటి అక్షరం, పక్కనున్న బొమ్మ, కథ సాగుతున్న తీరు పట్టుకుని మిగతా మాట అందిస్తారు. పాఠం పొడుగైన కొద్దీ ఆ ఊహ చాలదు. అందుకే నిపుణులు పరీక్షించేటప్పుడు అర్థం లేని మాటలు చదివిస్తారు. ‘దొమిగ’, ‘పైటుకు’ లాంటి వాటిని ఊహించి చెప్పడం కుదరదు.

తెలివితేటల పరీక్షలోనూ ఈ చిక్కే ఉంది. వెక్స్‌లర్ పరీక్షల్లో సగటు 100. మాటలతో ఆలోచించే విభాగంలో 135, వేగానికి సంబంధించిన విభాగంలో 85 వచ్చిన పిల్లవాడిని తీసుకోండి. రెండూ కలిపేసిన ఒక్క అంకె వాడి గురించి ఏమీ చెప్పదు. రిపోర్టు చేతికి వస్తే మొత్తం స్కోరు దగ్గర ఆగకండి, విభాగాల మధ్య ఎంత తేడా ఉందో సైకాలజిస్టునే అడగండి.

ఇక ఇంట్లో మాట్లాడటం. “ఎందుకు రాయలేదురా?” అన్న ప్రశ్నకు వాడి దగ్గర జవాబు ఉండదు. ఎందుకో వాడికీ తెలియదు. “ఎక్కడ ఆగిపోయావు నాన్నా?” అని అడిగి, కాసేపు ఏమీ అనకుండా ఉండాలి. “నాకు తెలుసమ్మా, రాసేలోపు మర్చిపోతున్నా” అని వాడే అంటాడు. ఆ ఒక్క ముక్కలో బోలెడు సమాచారం ఉంది. అక్షరం గుర్తు తెచ్చుకోవడానికే బుర్రంతా ఖర్చయిపోతుంటే, ఆలోచనకు చోటు మిగలడం లేదన్నమాట. “సరే, నువ్వు చెప్పు, నేను రాస్తా” అనండి. ఆలోచన ఒక పని, రాత ఇంకో పని. రెండింటినీ విడదీస్తే చాలు, రెండు వాక్యాల పిల్లవాడు రెండు పేజీలు చెబుతాడు.

మెచ్చుకోవడంలో కూడా జాగ్రత్త అవసరం. మనస్తత్వ శాస్త్రవేత్తలు క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో, ‘తెలివైనవాడివి’ అనిపించుకున్న ఐదో తరగతి పిల్లలు ఓటమి ఎదురవగానే డీలాపడ్డారు. దాంతో కష్టాన్ని మెచ్చుకోవాలన్న సలహా బాగా ప్రచారమైంది. ఈ పిల్లల విషయంలో అదీ సరిపోదని నా అభిప్రాయం. ఇప్పటికే మిగతావాళ్లకన్నా రెట్టింపు కష్టపడుతున్నవాడికి “ఇంకొంచెం కష్టపడు” అన్నట్టు వినిపిస్తుంది. వాడు చేసిన పనినే పేరు పెట్టి చెప్పడం మేలు: “గ్రహణం బొమ్మ ముందు గీసుకుని, తర్వాత రాశావు. ఆ ఉపాయం బాగుంది.”

ఒక్కోసారి పెద్దాడిలా వాదించి, మరుక్షణం పెన్సిలు ముక్కు విరిగిందని ఏడుస్తాడు. అది నటన కాదు. బుద్ధి, భావోద్వేగం, చేతి నేర్పు ఒకే వేగంతో ఎదగవు. ఏడుస్తున్నప్పుడు వాడితో తర్కం పెట్టుకోకండి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అభ్యసన వైకల్యం (డిస్లెక్సియా వంటివి), ఆటిజం ఉన్నాయి. ధ్రువపత్రం ఉంటే సీబీఎస్‌ఈ బోర్డు పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి వంటి వెసులుబాట్లు దొరుకుతాయి. “ఇంత బాగా మాట్లాడుతున్నాడు, వీడికెందుకు?” అని ఎవరైనా అంటే వెనక్కి తగ్గకండి. అదనపు సమయం జవాబు అందించదు, తెలిసిన జవాబు కాగితం మీదికి వచ్చేందుకు వీలిస్తుంది.

అలాగే చేతిరాత బాగుపడాలని వాడి చదరంగం క్లాసు మాన్పించి ట్యూషన్ పెట్టకండి. రోజంతా చేతకాని పనితో కుస్తీ పట్టే పిల్లవాడికి, తన సత్తా తనకు తెలిసేది ఆ ఒక్క గంటలోనే.