రిపోర్టులో క్రియాటినిన్ ఒకటే, కిడ్నీలు మాత్రం వేరు

80 ఏళ్ల మామ్మ, 25 ఏళ్ల మనవడు ఒకే రోజు రక్తపరీక్ష చేయించుకున్నారనుకుందాం. ఇద్దరికీ సీరం క్రియాటినిన్ 1.0 వచ్చింది. ఇద్దరి రిపోర్టులూ నార్మలే. 'కిడ్నీలకేం ఢోకా లేదు' అనుకుని ఇంటికొచ్చేస్తారు.

చిక్కంతా అక్కడే ఉంది. క్రియాటినిన్ కండరాల్లో పుట్టే వ్యర్థం. వయసు మీదపడి కండ కరిగిపోతే అది తయారవడమే తగ్గుతుంది. కిడ్నీలు సరిగ్గా వడకట్టకపోయినా రక్తంలో పెద్దగా పేరుకోదు.

పిక్రిక్ ఆమ్లం కలిపితే క్రియాటినిన్ రంగు మారుతుందని మాక్స్ యాఫే 1886లోనే చెప్పాడు. చవక కాబట్టి ఆ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. కిడ్నీల పనితీరు లెక్కకట్టాలంటే మాత్రం 24 గంటల మూత్రం డబ్బాలో పట్టాల్సి వచ్చేది. పెద్దవాళ్లతో అది అయ్యే పనేనా? ఒక్కసారి మర్చిపోతే లెక్కంతా తప్పుతుంది.

ఆ బాధ తప్పించింది 1976 నాటి కాక్‌క్రాఫ్ట్–గాల్ట్ సూత్రం. 140లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, 72తోనూ క్రియాటినిన్‌తోనూ భాగించాలి. ఆడవాళ్లకైతే 15 శాతం తగ్గించాలి. వచ్చే అంకె, కిడ్నీలు నిమిషానికి ఎంత రక్తాన్ని వడకడుతున్నాయో చెప్పే అంచనా. 70 కిలోల మనవడికి నిమిషానికి 112 మిల్లీలీటర్లు, 45 కిలోల మామ్మకి 32. నార్మల్ రిపోర్టు వెనక ఇంత తేడా! అయితే ఈ సూత్రానికి ఆధారమైన 249 మందిలో దాదాపు అందరూ మగవాళ్లే. ఆ 15 శాతం తగ్గింపు ఆడవాళ్లకు కండ తక్కువన్న లెక్కతో వేసిన అంచనా.

1999లో అమెరికాలో వచ్చిన ఎమ్‌డీఆర్‌డీ సూత్రానికి 1,628 మంది కిడ్నీ రోగులు ఆధారం. ఆ అధ్యయనంలోకి 70 దాటినవాళ్లను తీసుకోలేదు. లెక్క అవసరమైంది ముసలివాళ్లకి, కొలిచింది వేరేవాళ్లని. ఈ వడపోత మూడు నెలలపాటు నిమిషానికి 60 మిల్లీలీటర్ల కంటే తక్కువ ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బేనన్న మార్గదర్శకాలు 2002లో వచ్చాయి. దాంతో ఏ బాధా లేని పెద్దవాళ్లు ఎందరో రోగుల జాబితాలోకి చేరిపోయారు.

వయసుతో కిడ్నీల పనితీరు తగ్గడం సహజమే కదా అంటారు. అదీ పూర్తిగా నిజం కాదు. బాల్టిమోర్‌లో ఆరోగ్యవంతుల్ని ఏళ్లతరబడి గమనిస్తే సగటు తగ్గుదల ఏడాదికి 0.75 మిల్లీలీటర్లు. మూడోవంతు మందిలో అసలు తగ్గనే లేదు. 1985లో ప్రచురించిన ఫలితమిది. 65 దాటినవాళ్లకు హద్దు 45 చేయాలని 2019లో కొందరు నిపుణులు కోరినా, 2024 అంతర్జాతీయ మార్గదర్శకాల్లో 60 అలాగే ఉంది.

70 దాటినవాళ్ల మీదే కొలతలు తీసి బెర్లిన్ పరిశోధకులు 2012లో వేరే సూత్రం తయారుచేశారు. కండతో అంతగా ముడిపడని సిస్టాటిన్ సీ పరీక్ష కూడా ఉంది. థైరాయిడ్ తేడాలు, స్టెరాయిడ్లు దాన్నీ తారుమారు చేస్తాయి. క్రియాటినిన్, సిస్టాటిన్ సీ రెంటినీ కలిపి లెక్కిస్తే అంచనా మెరుగని ఇప్పటి మాట. మన దగ్గర మామూలు హెల్త్ ప్యాకేజీల్లో మాత్రం క్రియాటినిన్ ఒక్కటే కనిపిస్తుంది.

మళ్లీ మామ్మ దగ్గరికొద్దాం. 2021 నాటి సీకేడీ–ఈపీఐ సూత్రంతో ఆమె ఈజీఎఫ్ఆర్ (కిడ్నీల వడపోత వేగం అంచనా) 57. పాత లెక్కలో 32 కదా! ల్యాబ్ ఆమె బరువు అడగదు. ఒంటి ఉపరితల వైశాల్యం అందరికీ 1.73 చదరపు మీటర్లేనన్నట్టు సరిపెట్టి అంకె ఇస్తుంది. మామ్మ ఎత్తు 150 సెంటీమీటర్లయితే ఆమె ఒంటి వైశాల్యం 1.37 చదరపు మీటర్లే. ఆ ప్రకారం సరిచేస్తే 57 కాస్తా 45కి దిగుతుంది. కిడ్నీల పనితీరును బట్టి మందు డోసు వేసే డాక్టర్ ముందు ఇప్పుడు మూడు అంకెలున్నాయి.